ధాత సంవత్సరపు క్రికెట్టు తగవు



ఆటలను గూర్చిన ప్రసంగ మనగానే పెద్దలు కొందఱు "ఇది పిల్లకాయల వ్యవహారము, మనకేల?" అని వేఱుపనికి లేచెదరు. నేనీ పూట చెప్పబూనినది ఆటను గూర్చి యంతగా గాదు. ఆటగాండ్ర బసలో జరిగిన యొక తగవును గూర్చి. జట్టునకు నాయకు డెవడు కావలెను, మేనేజరు మాట యెంతవఱకు చెల్లవలెను, లోపల నెవరి కెవరితో పొసగలేదు అను విషయములను ఆడువారికంటె చూచువారే యెక్కువ పట్టుదలతో వాదింతురు. ఈ గుణము మన దేశమునకే పరిమితము గాదు. అమెరికాలో బేసుబాలు అను బంతియాట గలదు. అచట జట్టు శిక్షకుని మార్చిరన్నచో నాటి రాత్రి భోజనముల కడ మఱియొక మాట యుండదట. మనకు క్రికెట్టు. ఆ క్రికెట్టులో 1936వ సంవత్సరమున, అనగా ధాత నామ సంవత్సరమున, ఇంగ్లండునకు పోయిన మన దేశపు జట్టులో ఒక తగవు పుట్టెను. అంతటిది దానికి ముందు లేదు; తరువాత పుట్టినవానిలోను దాని కొలతకు వచ్చునవి తక్కువ. దానికి మూలపురుషు లిద్దఱును తెలుగువారగుట మనము ప్రత్యేకముగ నెఱుగదగిన సంగతి.

మా బిట్రగుంట నెల్లూరు జిల్లాలో బోగోలు చెంత, చెన్నపట్టణమునుండి బెజవాడకు పోవు రైలుదారిమీద నున్నది. తూర్పున సముద్రము, కొండ బిట్రగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామి వెలసియున్నారు. మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ కాలమున ఇచ్చట ఆవిరియంత్రములకు పెద్ద షెడ్డుండెను. యంత్రము నీరు త్రాగును, బొగ్గు నింపుకొనును. డ్రైవరును ఫైర్‌మన్నును దిగి రన్నింగు రూములో మేను వాల్తురు. దక్షిణమునుండి వచ్చినవాడు చెన్నపట్టణపు కబురు తెచ్చును, ఉత్తరమునుండి వచ్చినవాడు బెజవాడ కబురు తెచ్చును. అందుచేత ఇతర గ్రామములలో వదంతికి కాళ్లున్నచో మా యూరిలో చక్రము లుండెడివి.

1936లో చెన్నపట్టణమున ఆలిండియా రేడియో కేంద్రము లేదు. అది 1938 జూను 16వ తేదీన తెఱవబడినది. లండనులో జరిగిన యాట తంతివార్తగా వచ్చి పత్రికలో పడవలెను. హిందూ, ఆంధ్రపత్రిక రెండును చెన్నపట్టణముననే అచ్చుపడి రైలులో వచ్చును గనుక చుట్టుపట్ల పల్లెలకంటె ముందుగా రైల్వేవారి చేతికి చిక్కెడివి. అక్షరము వచ్చినవాడు చదువును. రానివాడు విని, చదివినవానికంటె గట్టిగా వాదించును.

నేను పుట్టినది ఆ తగవునకు చాల యేండ్ల తరువాత. అయినను 1960 ప్రాంతమున, నా చిన్నతనమున, మా నాయనయు ఆయన తోడి యుద్యోగులును దానిని నిన్న జరిగినట్లే మాటలాడుకొనుట వింటిని. విజయనగరము, విశాఖపట్టణముల వైపునుండి బదిలీమీద వచ్చినవారు మహారాజకుమారుని పక్షము. బందరు, గుంటూరు వైపువారు నాయుడుగారి పక్షము. మా నెల్లూరువారు ఆ పూట ఎవరి వాదము బలముగా నున్న వారి పక్షము. మా నాయన మాత్రము ఎన్నడును నాయుడుగారిని విడువలేదు. "గుడి కట్టించినవాడే పూజ చేయవలెనని యే శాస్త్రమున నున్నదయ్యా?" అని ఆయన యనును. "గుడియే లేనప్పుడు నీ పూజారి గంట యెచ్చట వాయించును నాయనా?" అని విజయనగరపు పెద్దాయన, పొగచుట్ట తీయకయే, బదులిచ్చును. నేను పెద్దవాడనై ఆ చరిత్రను చదివిన పిదప చూడగా, తగవులోని సారమంతయు ఆ రెండు ప్రశ్నలలోనే యిమిడియున్నది.

పూజారి యెవరో ముందు చెప్పెదను. కొట్టారి కనకయ్య నాయుడు, లోకమున సి. కె. నాయుడని ప్రసిద్ధుడు, 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించెను. వారి పూర్వులు మచిలీపట్టణమువారు; తాతగారు న్యాయవాదవృత్తికై నాగపురము చేరి అచ్చటనే స్థిరపడిరి. 1926 డిసెంబరులో ఇంగ్లండునుండి వచ్చిన ఎం. సి. సి. జట్టుతో బొంబాయి జింఖానా మైదానమున హిందువుల పక్షమున ఆడుచు, నాయుడు రెండు గంటలలోపుననే 153 పరుగులు తీసెను. అందులో 11 మారులు బంతి నేలను తాకకయే హద్దు దాటిపోయెను. మన దేశపు జట్టునకు టెస్టు మ్యాచి ఆడు అర్హత కలుగుటకు ఆ దినపు ఆట ముఖ్యకారణములలో నొకటియని చరిత్రకారులు వ్రాయుదురు. అప్పటికే ఆయన ఇందూరు హోల్కరు మహారాజుల కొలువున నుండెను. కాలక్రమమున కర్నల్ నాయుడను పేరు స్థిరపడినది. మనిషి పొడవరి, క్రమశిక్షణలో కఠినుడు. ఆలస్యముగ వచ్చిన ఆటగానిని క్షమించువాడు గాడు. ఈ కాఠిన్యమే ఆయనకు మిత్రులకంటె శత్రువుల నెక్కువ జేసెను.

ఇక గుడి కట్టించినవాడు. పూసపాటి విజయానంద గజపతిరాజు విజయనగర సంస్థానాధీశుని రెండవ కుమారుడు; 1905 డిసెంబరు 28వ తేదీన జననము. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులోను చదువు. సంస్థానము అన్నగారిది, తమ్ముడు కాశీలోని తమ వంశపు ఆస్తిమీద నివసించెను. ఆంగ్లేయులును పత్రికలవారును ఆయనను "విజ్జీ" యనిరి. ఆయన క్రికెట్టునకు ఖర్చుచేసిన ధనము స్వల్పము గాదు. 1930–31లో తన సొంత జట్టు నొకదానిని కూర్చి, ఇంగ్లండు మహాక్రీడాకారులైన జాక్ హాబ్సు, హెర్బర్టు సట్‌క్లిఫులను రప్పించి మన దేశమునను సింహళమునను ఆడించెను. సికింద్రాబాదులో మొయినుద్దౌలా బంగారు కప్పు పోటీలకు వెస్టిండీసు వీరుడైన లియరీ కాన్‌స్టెంటైనును రప్పించెను. ఢిల్లీలో ఫిరోజిషా కోట్ల మైదానమున వైస్రాయి విల్లింగ్డను ప్రభువు పేర ఒక పెవిలియను కట్టించెను. "గుడి కట్టించినవాడు" అన్న మాట ఈ విధముగ ఉపమానమే గాక అక్షరాల నిజము గూడ.

నాటకసమాజముల నెఱిగిన పెద్దలకు ఇందులో క్రొత్త యేమియు లేదు. తెరలకు, కిరీటములకు, హార్మోనియమునకు సొమ్మిచ్చిన పోషకుడు ఒకనాడు తానే కృష్ణవేషము కట్టెదననును. కాదన్నచో తెరలు పోవును. ఔనన్నచో పద్యము పోవును.

1932లో మన జట్టు మొదటిసారి టెస్టు ఆడుటకు ఇంగ్లండునకు పోయినప్పుడు ఈ చిక్కు పోషకుని యౌదార్యముచేత కొంత తీరినది. నాయకుడుగా నియమింపబడిన పోరుబందరు మహారాజు తన ఆట యెంతటిదో తా నెఱిగినవాడు. లార్డ్సు మైదానమున జూను 25వ తేదీన ఆరంభమైన టెస్టుకు ఆయన తప్పుకొనెను. ఉపనాయకుడైన లింబ్డీ రాజకుమారుడు గాయపడియుండెను. కాబట్టి మన దేశపు మొట్టమొదటి టెస్టు నాయకత్వము నాయుడుగారికి వచ్చినది. రాజవంశీయుడు గానివాని క్రింద ఆడుటకు కొందఱు క్రీడాకారులు ఇష్టపడలేదనియు, దానిమీద లోలోపల గలభా జరిగినదనియు చెప్పుదురు. ఆ యాటలో మనవా రోడిరి గాని తలవంపు లేదు. 1933–34లో ఇంగ్లీషువారు మన దేశమునకు వచ్చినప్పుడు మూడు టెస్టులకును నాయుడే నాయకుడు. అందు రెంట ఓటమి, ఒకటి సమము. ఈ అంకెలను విజ్జీ పక్షపువారు మఱచిపోరు. "మీవాడు మాత్రము నాలుగింటిలో ఏది గెలిచినాడు?" అను ప్రశ్నకు మా నాయన కడ సరియైన బదులు లేకుండెను.

ఆ మూడు టెస్టులలో మొదటిదానియందే, బొంబాయిలో 1933 డిసెంబరున, ఇరువదిరెండేండ్ల పంజాబీ కుఱ్ఱవాడు లాలా అమరనాథుడు 118 పరుగులు తీసి, మన దేశపు జట్టు పక్షమున టెస్టులో నూఱు దాటిన మొదటివాడయ్యెను. మన కథలో మూడవవాడు ఇతడు. నష్టపడినవాడును ఇతడే.

1936 యాత్రకు మొదట పటౌడీ నవాబు నాయకు డనుకొనిరి. ఆయన తప్పుకొనెను. మిగిలినది నాయుడా, విజ్జీయా అను ప్రశ్న. నియంత్రణ మండలిలో ఓట్లు తీసికొనిరి. పటియాలా మహారాజు ఒక వైపు, వైస్రాయి యనుగ్రహము గలవారొక వైపు. ఆట తెలిసినవారి మాటకంటె దర్బారుల పోటీయే ఆ గదిలో నెక్కువ వినబడినదని నా యభిప్రాయము. విజ్జీ గెలిచెను. నాయుడు ఆయన క్రింద ఆటగాడుగా ఓడ యెక్కెను. మేనేజరు మేజర్ బ్రిటన్-జోన్సు అను దొర. నాయుడుగారి తమ్ముడు సి. ఎస్. నాయుడును, చెన్నపట్టణపు తెలుగు కుటుంబమువాడైన కోటా రామస్వామియు ఆ జట్టులోనివారే. విజ్జీ వెంట ముప్పదియాఱు పెట్టెలును ఇద్దఱు పరిచారకులును పోయిరని ప్రతీతి. మా రన్నింగు రూములో ఆ పెట్టెల సంఖ్య యేటేట పెరుగుచుండెను.

ఇంగ్లండు చేరిన పిదప జట్టు రెండు చీలికలయ్యెను. నాయకునితో విందు కారగించువారొక జట్టు, నాయుడుగారితో మౌనముగ కూర్చుండువారొక జట్టు. అమరనాథు డేమో ఎవరినైనను లెక్కచేయని పడుచువాడు. ఫీల్డర్ల నెచట నిలుపవలెనో తన నాయకునితోనే వాదించుచుండెను. ఆటయందు మాత్రము అతనికి సాటి లేదు. జూను నడిమి నాటికి 600కు పైబడిన పరుగులు, 30కి మించిన వికెట్లు అతని లెక్కలో నుండెను. ఎసెక్సు జిల్లా జట్టుపై రెండు ఇన్నింగ్సులలోను నూఱు దాటెను.

ఆ తరువాత లార్డ్సులో మైనర్ కౌంటీలను జట్టుతో ఆట. అమరనాథుని బ్యాటింగునకు సిద్ధముగ నుండుమని చెప్పిరి. కాళ్లకు ప్యాడులు కట్టుకొని అతడు కూర్చుండెను. ఒక వికెట్టు పడినది, మఱియొకనిని పంపిరి. ఇంకొకటి పడినది, ఇంకొకనిని పంపిరి. పొలమునకు నీరు విడుచునాడు కాలువ మొదట నున్నవానిని కాదని క్రిందివారికి విడుచుచుండగా గట్టున నిలిచినవాని మనస్సెట్లుండునో ఊహింపుడు. ప్రొద్దు గ్రుంకుటకు కొలది నిమిషములుండగా అతనిని పంపిరి. ఆట ముగియగానే అతడు గదిలోనికి వచ్చి, బ్యాటును ప్యాడులను విసరివైచి, పంజాబీ భాషలో ఏదో గొణిగెను. అది నాయకుని గూర్చియే యని నాయకు డనుకొనెను.

నాయకుడును మేనేజరును కూడబలుకుకొని, అతనిని ఇంటికి పంపివేయుటకు నిశ్చయించిరి. మొదటి టెస్టు ఇంక కొలది దినములలో నున్నది. నాయుడు మొదలగు పెద్దలు వేడుకొనిరి. అమరనాథుడు క్షమాపణ చెప్పుకొనెను. వారు వినలేదు, ఓడ యెక్కించిరి. టెస్టు జట్టునుండి ఒక ఆటగానిని శిక్షగా దేశమునకు త్రిప్పిపంపుట మన చరిత్రలో అదియే మొదలు. అతడు బొంబాయి చేరిన పిదప మరల పంపుటకు యత్నములు జరిగినవి గాని ఫలింపలేదు.

ఇక టెస్టుల సంగతి. లార్డ్సులో మనవారు 147. అమరసింగు 35 పరుగులకు 6 వికెట్లు కూల్చగా ఇంగ్లండు 134కే ముగిసెను. పదమూడు పరుగుల మిగులు మనకే! కాని రెండవ ఇన్నింగ్సున 93కే కూలి, తొమ్మిది వికెట్ల తేడాతో ఓడితిమి. అమరనాథు డుండినయెడల అని ఇక్కడ మా నాయన నిట్టూర్చును. మాంచెస్టరులో మర్చంటు 114, ముష్తాక్ అలీ 112, ఇద్దఱును మొదటి వికెట్టునకు 203 కూర్చిరి, ఆట సమమైనది. అచ్చట నలుబదియేండ్ల ప్రాయమున తొలి టెస్టు ఆడిన కోటా రామస్వామి 40, 60 తీసెను. ఈయన 1922లో డేవిస్ కప్పు టెన్నిసుకూడ ఆడినవాడు. ఇట్టివానిని గూర్చి మనవా రింత తక్కువగ తలంచుకొనుట నాకు వింతగా దోచును. చివరి టెస్టు ఓవల్ మైదానమున. హామండు 217. మరల తొమ్మిది వికెట్ల ఓటమి. ఆ కడపటి ఇన్నింగ్సున నాయుడుగారు ఆలెను విసరిన బంతి దెబ్బ శరీరమున తగిలినను వెఱవక నిలిచి 81 తీసెను. అదియే ఆయన చివరి టెస్టు. విజ్జీ మూడు టెస్టులలో కలిపి తీసినవి 33. సర్ బిరుదము మాత్రము ఆ వేసవిలోనే వచ్చినది.

ఇప్పుడు వదంతుల మాట. చరిత్ర చెప్పువాడు కరణమువలె లెక్క చూడవలెను గాని కొండెగానివలె పెంచరాదు.

మొదటి కథ బాకా జిలానీది. ఓవల్ టెస్టుకు ముందు ఉదయపు ఫలహారపు బల్లకడ అతడు నాయుడుగారి నందఱి యెదుట అవమానించెననియు, అందుకు బహుమానముగా విజ్జీ అతనికి టెస్టులో స్థానమిచ్చెననియు చెప్పుదురు. జిలానీ ఆ టెస్టు ఆడినమాట నిజము. అదియే అతని మొదటిదియు చివరిదియు. తీసినది 16 పరుగులు, వికెట్టు లేదు. అయిన నొక సంగతి మఱవరాదు. రంజీ ట్రోఫీలో వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీసిన మొదటివాడు ఈ జిలానీయే. బొత్తిగా ఆట రానివానిని తిట్టు నేర్చినందుకు ఎన్నుకొనిరనుట న్యాయము గాదు. అవమానము జరిగియుండవచ్చును; స్థానము దాని వలననే వచ్చినదని తేల్చుటకు సాక్ష్యము నోటిమాటయే.

రెండవది బంగారు గడియారపు కథ. మాంచెస్టరులో మర్చంటును పరుగు మధ్యలో చిక్కించి అవుటు చేయించినచో బంగారు గడియారమిత్తునని విజ్జీ ముష్తాక్ అలీకి ఆశ చూపెననియు, ముష్తాకు పోయి ఆ మాట మర్చంటుతోనే చెప్పి నవ్వెననియు కథ. మా యూరిలో ఈ కథ చెప్పనివాడు లేడు. లెక్కల పుస్తకము చూడగా, ఆ టెస్టు మొదటి ఇన్నింగ్సున పరుగు మధ్య చిక్కి అవుటయినవాడు ముష్తాక్ అలీయే! మర్చంటు కొట్టిన బంతి ముష్తాకు బ్యాటునకు తగిలి ప్రక్కకు పోయి ఇంగ్లీషువాని చేతబడెను. గడియార మెవరికి రావలెనో మా రన్నింగు రూము వారు తేల్చలేకపోయిరి. రెండవ ఇన్నింగ్సున ఆ యిద్దఱే 203 కూర్చిరి గనుక, గడియార మొకవేళ నున్నను దానికి లొంగినవాడు లేడని మాత్రము నిశ్చయము.

నాయుడుగారి మీదను ఆరోపణ లేకపోలేదు. ఆయన బిగిసికొని ఒంటరిగ నుండెననియు, నాయకునికి తన యనుభవముతో చేయూత నీయలేదనియు నాడు వినవచ్చినది. ఇది అసత్యమని నేననను. తనకంటె తక్కువవాని క్రింద పనిచేయవలసివచ్చిన సమర్థుడు మౌనము వహించుట మనము ప్రతి కచ్చేరిలోను చూచినదే. ఆ మౌనము తప్పు గాదని కొందఱందురు. దానివలన జట్టు బాగుపడలేదనుట మాత్రము స్పష్టము. ఈ విషయమున మా నాయనతో నేను ఏకీభవింపను.

ఇంతటితో ఇది వదంతిగానే మిగిలియుండెడిదే. కాని దేశమున గోల యెక్కువైనది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంటు ఆధ్వర్యమున విచారణ జరిగినది. 1937 ఆరంభమున నివేదిక వచ్చినది. అమరనాథునిపై మోపిన ఆరోపణలు నిలువలేదు. నాయకునికి ఫీల్డర్లను నిలుపుటయు, బౌలర్లను మార్చుటయు తెలియలేదని తీర్పు. దొరల ప్రభుత్వమున, దొర యొకడు మేనేజరుగా నున్న వ్యవహారమున, దొర యొకడే విచారించి, సర్ బిరుదము గల రాజకుమారుని కాదని, పేదయింటి కుఱ్ఱవాని పక్షమున పలుకుట చిన్న సంగతి గాదు. మా యూరి విజయనగరపు పెద్దాయన సైతము ఈ నివేదిక ప్రస్తావన వచ్చినప్పుడు చుట్ట ఆరినదని లేచి అగ్గిపెట్టె వెదకుకొనెడివాడు.

తీర్పు వచ్చినను పోయిన టెస్టులు రావు గదా. 1936 ఆగస్టు తరువాత మనవారికి పదేండ్లు టెస్టులు లేవు, మహాయుద్ధము వచ్చిపడినది. ఇరువదినాల్గవ యేట ఓడ యెక్కి తిరిగివచ్చిన అమరనాథుడు మరల టెస్టు ఆడునప్పటికి 1946వ సంవత్సరము, ముప్పదినాలుగేండ్లు నిండినవి. బలమున్న ప్రాయమంతయు ఆ నడుమనే పోయెను. అయినను 1947–48లో స్వతంత్రభారతపు జట్టును ఆస్ట్రేలియాకు తీసికొనిపోయినవాడతడే. 1952లో పాకిస్తానుపై మన తొలి టెస్టు విజయపరంపరకు నాయకుడతడే. తరువాత కొంతకాలము రైల్వే జట్టునకు ఆడెను. ఈ యొక్క కారణముచేత మా కాలనీలో ఉభయపక్షములవారును అతనిని తమవానిగ నెంచిరి.

నాయుడుగారు 1953–54లో, ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలిసారి దిగినప్పుడు, ఏబదెనిమిదేండ్ల వయస్సున దానికి నాయకత్వము వహించెను. నాగపురమున పుట్టి ఇందూరున జీవించినవాడు చివరకు పూర్వుల గడ్డ పేర ఆడెను. అటుపిమ్మట 1956–57లో, అఱువదియొకటవ యేట, ఉత్తరప్రదేశము పక్షమున ఆడెను. ఆ ఉత్తరప్రదేశమున క్రికెట్టును పెంచినవా డెవరనుకొన్నారు? విజ్జీయే. అప్పుడాయన అఖిలభారత నియంత్రణ మండలి అధ్యక్షుడు గూడను. ఇరువదేండ్ల క్రింద ఒకే బల్లకడ కూర్చుండలేని యిద్దఱు తెలుగువారు గంగాతీరమున ఒకే రాష్ట్రపు క్రికెట్టులో కలిసిరి. వారేమి మాటలాడుకొనిరో మా రన్నింగు రూమునకు సైతము చేరలేదు.

ధాత సంవత్సరము అఱువదేండ్లకు మరల వచ్చును గదా. 1996లో వచ్చినది. ఆ వేసవిలోను మన జట్టు ఇంగ్లండుననే యుండెను. ఆ వేసవిలోను ఒక పంజాబీ ఆటగాడు, నవజోత్ సింగు సిద్ధూ, యాత్ర నడుమ ఓడకు బదులు విమానమెక్కి తిరిగివచ్చెను. భేద మేమన, ఇతనిని ఎవరును పంపలేదు. తానే అలిగి వచ్చినాడు. కారణము చాలకాలము తెలియలేదు. పదునైదేండ్ల తరువాత మండలి కార్యదర్శిగా పనిచేసిన జయవంత్ లేలే తన పుస్తకమున వ్రాసినదాని ప్రకారము, నాయకుడైన అజహరుద్దీను మాట కొకమారు ఒక పలుకు దొర్లించుచుండెను. తల్లి పేరెత్తి యను ఆ పలుకు ఉత్తరాదివారికి ఘోరమైన తిట్టు. హైదరాబాదులో స్నేహితులు చనువుగ వాడుకొనునది. 1936లో పంజాబీ మాట తెలుగు రాజకుమారునికి తిట్టుగ వినబడినది. 1996లో హైదరాబాదు మాట పంజాబీవానికి తిట్టుగ వినబడినది! పంచాంగము వ్రాయువారు దీనికి ఫలము చెప్పుదురేమో, నేను చెప్పను. సిద్ధూ వెడలిన తరువాతి లార్డ్సు టెస్టులో సౌరవ్ గంగూలీ తొలిసారి బ్యాటు పట్టి 131 తీసెను. ఆ గంగూలీయే నాయకుడై, 2005లో శిక్షకుడు గ్రెగ్ చాపెల్‌తో పొసగక పదవి పోగొట్టుకొనెను. 2017లో నాయకునితో పొసగక పదవి విడిచినవాడు శిక్షకుడైన అనిల్ కుంబ్లే. పూర్వము మేనేజరనువాడు ఓడ టిక్కెట్లును విందులును చూచుకొనెడివాడు. నేటి శిక్షకుడు జట్టులో సగము అధికారము వహించును. కావున తగవునకు మఱియొక వాకిలి తెఱువబడినది. మన ఆంధ్ర జట్టుననే 2024 ఫిబ్రవరిలో, తన నాయకత్వము ఆట కారణమున గాక ఒక రాజకీయనాయకుని యొత్తిడివలన పోయినదని హనుమ విహారి బహిరంగముగ ఆరోపించెను, అవతలివారు కాదనిరి.

విజ్జీ కడపటి సంగతి చెప్పి ముగించెదను. 1947లో, స్వాతంత్ర్యము రాకకు కొలది దినముల ముందు, ఆయన సర్ బిరుదమును త్యజించెను. 1960లో విశాఖపట్టణము తరఫున లోకసభకు వచ్చెను. 1965 డిసెంబరు 2వ తేదీన కాశీలో మరణించెను. నడుమ కొన్నేండ్లు ఆయన మావలెనే రేడియోలో మాటలాడువాడు, క్రికెట్టు వ్యాఖ్యాత. వేటకాడు గనుక, తాను చంపిన పెద్దపులుల కథలు చెప్పుట ఆయనకు మిక్కిలి యిష్టము. ఒకమారు వెస్టిండీసు ఆటగాడు రోహన్ కన్హాయి యెదుట ఆ ప్రస్తావన తెచ్చెనట. కన్హాయి ఆశ్చర్యము నటించి, "తుపాకితో చంపినారా? మీ వ్యాఖ్యానము వచ్చుచుండగా రేడియో నొకదానిని అడవిలో పెట్టి వచ్చినారేమో, విని విసిగి ప్రాణము విడిచినదేమో యనుకొంటిని" అనెనట. ఈ కథకును సాక్ష్యము నోటిమాటయే.